పన్ను విరిచిన క్యాసెట్

నాకు అక్షరాలు వచ్చి మూడేండ్లయింది. అంతకుముందు యాభై ఏండ్లు అవి లేకుండనే బతికిన. బస్సును దాని రంగు చూసి, డ్రైవర్ మొహం చూసి ఎక్కేదాన్ని. మందు సీసాను మూత చూసి గుర్తుపట్టేదాన్ని. కోరుట్లల మా వాడ అంగన్‌వాడి టీచరమ్మ, మధ్యాహ్నం పిల్లలు ఇండ్లకు పోయినంక, బీడీలు చేసే ఆడోళ్లం ఆరుగురిని కూసోబెట్టుకొని నేర్పింది. చాటలు మా ఒళ్లెనే ఉండేవి. చేతులు బీడీలు చుట్టేవి, కండ్లు గోడ మీది నల్లబోర్డు మీద ఉండేవి. బీడీ చుట్టుడు చేతులకు వచ్చిన పని కాబట్టి కండ్లతోని పనిలేదు. చదువే కండ్ల పని.

నన్ను బాగ సతాయించినవి ప, వ, మ, య. నాలుగూ ఒక్క కడుపుల పుట్టిన అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి. ఒకదాన్ని పిలిస్తే ఇంకోటి పలికేది. టీచరమ్మ నవ్వేది. "నువ్వు ఆకు ముట్టి ఇది లేతది, ఇది ముదురుది అని చీకట్ల చెప్తవు. గీ నాలుగింటి కాడ ఎందుకు తడబడుతవు" అనేది. ఆకైతే చేతికి తెలుస్తది. అక్షరం ముట్టుకుంటే తెలవదు కద.

చదువు వచ్చిన కొత్తల ఇంట్ల ఏ కాగితం కనబడ్డా చదివేదాన్ని. కరెంటు బిల్లు, అగ్గిపెట్టె, పసుపు పాకెట్, పెండ్లి కార్డులు. అవన్ని అయిపోయినంక ఒకనాడు రేకు పెట్టె తీసిన. అడుగున, నా పెండ్లి చీర మడతల, మా ఆయన దుబాయి నుంచి పంపిన పాటల క్యాసెట్ ఉంది. డబ్బాల ఒక అట్ట కాగితం ఉంటది కద, పాటల పేర్లు రాసేది. దాని నిండ నీలం పెన్నుతోని రాత ఉంది. ఇరవై ఐదేండ్లకు ఎక్కువే అది నా దగ్గర ఉంది. ఆ రాతను ఎవ్వలతోని చదివించలే. అది ఇంగ్లీషోళ్ల పాటల క్యాసెట్ కనుక ఇంగ్లీషుల పాటల పేర్లు రాసిండనుకున్న. చదువురాని మనిషికి తెలుగు ఏదో ఇంగ్లీషు ఏదో తెలిస్తే కద.

అది తెలుగు.

ఆయన ఏడో తరగతి దాక చదివిండు. ఇంగ్లీషు పేర్లు ఆయనకూ రావు. అందుకని పాటలకు తనే పేర్లు పెట్టిండు, నేను ఎవ్వలతోనన్న చదివించుకుంట అనుకున్నడేమో. కూడబలుక్కుంట చదివిన. "పొద్దుగాల సాంచాలు సురువైనప్పటి పాట." "నువ్వు ఆకు తడిపేటప్పటి పాట." "కోరుట్ల బస్సుల అద్దం ఊగే పాట." "బిడ్డ నడక నేర్సిన పాట." "ఎవ్వల మీద కోపం లేని పాట." ఆ పక్క ఆరు, ఈ పక్క ఆరు. పన్నెండోది "కరెంటు పోయినప్పటి పాట." దాని కింద, ఇరికిచ్చి రాసిన ఇంకో రెండు ముక్కలు. "ఆఖర్ల నా పాట ఉంది. ఒక్కదానివే ఉన్నప్పుడు విను."

నవ్వొచ్చింది. ఆయన జన్మల పాట పాడినోడు కాదు. మళ్ల పెట్టెల పెట్టిన. కానీ ఆ రోజంత నా చేతులు సక్కగ పనిచేయలే. బీడీల మూతులు సరిగ ముడుచుకోక కట్టలకు కట్టలు విప్పిన.

ఎందుకో చెప్పాలంటే ఆ క్యాసెట్ సంగతి చెప్పాలె.

మా ఆయన సిరిసిల్లల సాంచాలు నడిపేటోడు. కరెంటు మీద నడిచే మగ్గాన్ని అక్కడ సాంచ అంటరు. నన్ను ఇచ్చిన కొత్తల ఆ వాడల చప్పుడుకు వారం దినాలు నిద్ర రాలే. తర్వాత తర్వాత ఆ చప్పుడు ఆగితే నిద్ర రాకపోయేది. ఆగే దినాలు కూడ వచ్చినయి. నూలు వస్తే కరెంటు ఉండకపోయేది, రెండూ ఉంటే నేసిన బట్ట కొనేటోడు ఉండకపోయేది. ఆసామి, అంటే సాంచాల యజమాని, ఒక్కొక్కటి విప్పి ఇనుప సామాను కింద అమ్ముకున్నడు. మా వాడ మగోళ్లు కొందరు మహారాష్ట్రల భీవండి సాంచాలకు పోయిండ్రు, కొందరు దుబాయి తొవ్వ పట్టిండ్రు, కొందరు ఎటూ పోలేక ఇంట్లనే పానం తీసుకున్నరు. మా ఆయన దుబాయి పోయిండు. నేను చంకల బిడ్డతోని కోరుట్లకు తల్లిగారింటికి వచ్చి చాట ముందరేసుకున్న.

అప్పుడు దుబాయి మనుషులు ఉత్తరాలు తక్కువ రాసేది. రాస్తే చదివేటోళ్లు ఇంట్ల లేరు. బయటోళ్లతోని చదివిస్తే మొగడు రాసింది ఊరందరికి తెలుస్తది. అందుకని క్యాసెట్ల మాట్లాడి పంపేటోళ్లు. ఛుట్టీ మీద వచ్చేటోళ్లు అవి తెచ్చి ఇచ్చేది. విని, మన జవాబు దాని మీదనే చెప్పి, తిరిగి పోయేటోళ్ల చేతుల పెట్టాలె. మాకూ క్యాసెట్ ఒక్కటే. అటు పోయేది, ఇటు వచ్చేది. నేను మాట్లాడితే ఆయన మాట చెరిగేది. ఆయన మాట్లాడితే నా మాట చెరిగేది. గట్ల మూడేండ్లు మాట్లాడుకున్నం. చెరుగుతున్నదని నాకు ఎన్నడు బాధనిపియ్యలే. ఎదురెదురుగ కూసొని మాట్లాడుకున్నా మాట యాడ మిగులుతది.

టేప్‌రికార్డర్ ఆయనే పంపిండు. ఎట్ల నడపాలెనో తెచ్చినాయనకు నేర్పి పంపితే ఆయన నాకు నేర్పిండు. ఎర్ర బటన్, దాని పక్కది రెండూ కలిపి ఒత్తితే మన మాట ఎక్కుతది. క్యాసెట్ వెనుక అంచుకు రెండు చిన్న ముక్కలు ఉంటయి. మా ఆయన వాటిని పండ్లు అనేటోడు. పన్ను విరగ్గొడితే ఇగ దాని మీద ఎవ్వలు మాట్లాడలేరు, పాటల క్యాసెట్లు గట్లనే అమ్ముతరు అని ఒకసారి చెప్పిండు.

ఆయన రూంల వేరే దేశం మనిషి ఒకడు ఉండెనట. ఆ మనిషి దగ్గర ఒక బ్యాండోళ్ల పాటలు చాన ఉండెనట. మా ఆయనకు ఆ పాటలు పిచ్చి పట్టినట్టు పట్టినయి. వచ్చిన ప్రతి క్యాసెట్ల వాళ్ల ముచ్చటే. డప్పు లేదు, ఫిడేలు లేదు, అన్నీ మిషిన్లేనని చెప్పేటోడు. మిషిన్లు ఒకదాని ఎనుక ఒకటి సురువైతయట, వాటి నడుమ ఒక మనిషి చిన్న గొంతుతోని పాడుతడట. "కండ్లు మూసుకుంటే నాలుగు సాంచాల నడుమ నిలబడ్డట్టే ఉంటది. గాయిన ఏమంటాండో నాకు తెలవదు గని నా సంగతే చెప్తాండు" అన్నడు ఒకసారి. నాకు ఆ మాటలు విని కుళ్లొచ్చేది. పెండ్లాంతోని మాట్లాడేందుకు ఉన్నదే అరగంట. అందుల సగం వాళ్లకు పోయేది.

మూడో ఏడు ఎండాకాలం, కథలాపూర్ ఆయన ఒకడు ఛుట్టీ మీద వచ్చి, ఛుట్టీ అయిపోయే ముందట సబ్బులు, బిడ్డకు గౌను, ఒక కొత్త క్యాసెట్ ఇచ్చి పోయిండు. క్యాసెట్‌కు రెండు పండ్లూ విరిచి ఉన్నయి. తొందరగ పెట్టిన. పాట. అదైపోతే ఇంకో పాట. మా అరుగు మీద బీడీలు చేసే ఆడోళ్లంత చెవులు పెట్టిండ్రు. ఒక ముసలామె, ఇది పాట కాదు, పిండి గిర్ని అన్నది. పక్కింటామె ఊకుంటదా. "మీ ఆయన ఆడ దొరసానిని చేసుకున్నట్టుండె. నీకు పాటలు పంపి ఆమెకు మాటలు చెప్తాండు" అన్నది. అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. లోపల మండింది.

వాళ్లు పోయినంక రెండో పక్క పెట్టుకొని కూసున్న. అదీ పాటలే. ఆఖరి పాటల మిషిన్లు ఒక్కొక్కటి ఆగుకుంట పోయి, ఆ మనిషి గొంతు ఒక్కటే మిగిలి, అదీ ఆగింది. ఒక బీడీకి దారం చుట్టేంత సేపు చూసిన. ఏం లేదు. ఇగ అంత ఖాళీ అనుకున్న. కోపం ఎంతున్నదంటే, ఉడికిన గంజిల కాగితం ముక్క ముంచి ఆ విరిగిన పన్ను సందుల కుక్కిన. ఆ ఉపాయం ఎవ్వలు నేర్పలే. దొంగకు తాళం ఎవ్వలు నేర్పుతరు. ఎర్ర బటన్, దాని పక్కది ఒత్తి, నా కడుపుల ఉన్నదంత దాని మీద కక్కి, బటన్ ఆపి, తీసి కొంగుల ముడేసుకున్న.

తెల్లారి బిడ్డనెత్తుకొని కథలాపూర్ పోయిన. ఆ ఇంటామె అరుగు ఊడ్చుకుంట చెప్పింది. టికెట్ ముందుకు జరిగిందట, ఆయన నిన్ననే బొంబాయి బస్సు ఎక్కిండట. దిగిన బస్సులనే వాపస్ వచ్చిన. క్యాసెట్ ఇంట్లనే ఉండిపోయింది. తర్వాత మొదటి పక్క ఎన్నోసార్లు విన్న. వినంగ వినంగ ఆ పాటలు నాకూ పట్టినయి. ఆకు కత్తిరించేటప్పుడు కత్తెర వాటి లెక్కకు పడేది. రెండో పక్క మాత్రం పెట్టలే. నా కోపం నేనెందుకు వినాలె.

కొన్ని దినాలకు మా ఆయన ఫోన్ చేసిండు. కోరుట్ల బస్టాండ్ కాడ ఫోన్ డబ్బా నడిపేటాయన మనిషిని పంపి పిలిపించేటోడు. శుక్రవారం దుబాయిల సెలవు, అందుకని శుక్రవారం అక్కడ ఆడోళ్లు నిండి ఉండేది. నా ఎనుక నలుగురు నిలబడ్డరు.

"క్యాసెట్ విన్నవా?"

"విన్న."

"ఆఖరిదాక విన్నవా?"

వినలేదని ఎందుకంటా. పాటలన్ని విన్న కద. "విన్న" అన్న.

"మరి ఏమంటవ్?"

ఎనుక ఉన్నోళ్లు నవ్వుతరని, కోపం ఇంకా పోలేదని, గట్ల చెప్పిన. "ఏమంట. ఉన్నదే మంచిగున్నది."

లైను పోయిందేమో అనుకున్న. "సరే. గట్లనే కానీ" అన్నడు.

తర్వాత ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టిండని తెలిసింది. ఆ రెండేండ్లు నిండలే. ఒకనాడు డ్యూటీ చేసి వచ్చి పండుకున్నోడు లేవలేదట. పెట్టెల వచ్చిండు. బిడ్డకు అప్పుడు ఐదేండ్లు. దానికి ఆయన మొహం ఫోటోల ఉన్నది. గొంతు లేదు. నాకూ లేకుండ పోయింది. మాట్లాడుకున్న క్యాసెట్ ఆఖరుసారి నా మాటలతోని పోయింది, అక్కడనే ఉండిపోయింది. ఎప్పుడన్న ఆయన చెప్పిన మాట యాదికొచ్చినా, అది నా గొంతుతోనే వినబడేది. మనిషి పోవుడు ఒకటి. గొంతు పోవుడు ఇంకొకటి. రెండోది పోయినట్టు ఎవ్వలకు చెప్పుకోరాదు.

అందుకే ఆ అట్ట చదివిన దినం నా చేతులు నడవలే. "నా పాట" అంటే ఆయన గొంతు ఎంతో కొంత దాంట్ల ఉన్నట్టే కద.

తెల్లారి మళ్ల పెట్టె తీసి అట్ట పట్టుకొని గడపల వెలుతురుకు కూసున్న. పాట, పాట, పాట అని పన్నెండుసార్లు రాసిండు. అన్నిట్ల ప ఒక్కతీరుగ ఉంది. ఆఖర్లది వేరే తీరుగ ఉంది. పక్కకు ఒక మెలిక ఉంది. వాచకం తీసి పక్కన పెట్టి చూసిన. అది ప కాదు. అక్కచెల్లెండ్లల ఇంకొకతి.

ఆఖర్ల నా మాట ఉంది.

నేను కాగితం కుక్కి తిట్టింది దాని మీదనే.

టేప్‌రికార్డర్ ఎన్నడో పాడైంది. బిడ్డ జగిత్యాలల ఉంటది, కొత్త బస్టాండ్ దిక్కు బట్టల దుకాణంల పనిచేస్తది. ఫోన్ చేసి చెప్పిన. ఇప్పుడే రావే అమ్మా అన్నది.

పాత రేడియోలు, టేపులు బాగుచేసే ముసలాయన ఒకాయన అక్కడ ఇంకా ఉన్నడు. ఇంట్ల ఉర్దూ, దుకాణంల తెలుగు. ఆయన క్యాసెట్‌ను వెలుతురుకు పట్టి చూసి, పెన్సిల్‌తోని చక్రం మెల్లగ తిప్పిండు. "రీలు ఎండిపోయింది చెల్లె. ఒక్కసారి ఆడిపిస్త. రెండోసారికి నా జిమ్మ కాదు" అన్నడు. మా బిడ్డ తన ఫోన్ తీసి, రికార్డు పెట్టి, టేప్ పక్కన బల్ల మీద పెట్టింది.

కూసోమన్న. అది కూసోలే. "బాపు ఒక్కదానివే వినుమన్నడట కద. నేను బయటుంట. తర్వాత ఫోన్ల వింట. ముప్పై ఏండ్లు ఆగిన, పది నిమిషాలు ఆగనా" అన్నది. ముసలాయన కూడ టోపీ పెట్టుకొని, మధ్యాహ్నం జోహర్ నమాజుకు టైమైందని, ఏ బటన్ ఒత్తాలెనో చూపిచ్చి పోయిండు.

రెండో పక్క ఆఖరి పాట. కరెంటు పోయినప్పటి పాట. పేరు తెలిసి వినుడు అదే మొదలు. నిజంగనే ఒక్కొక్క సాంచ ఆగుకుంట పోయింది. ఆ మనిషి ఒక్కడు మిగిలిండు. ఆయనా ఆగిండు. ఎనుక సన్నగ వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ సందుల మా ఆయన ఏం చేస్తుండెనో. మాట్లాడేముందు గొంతు సవరించుకునే అలవాటు ఉండె ఆయనకు. చెప్పేది పెద్దదైతే ఇంకా జెర్ర ఎక్కువ సేపు పట్టేది. ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసి కూడ ఆ దినం ఆగలే.

టక్కుమన్నది. నా గొంతు. ఇరవై రెండేండ్ల పిల్ల గొంతు, గింత సన్నగ.

"పాటలు పంపినవ్. మాటేది? నాతోని చెప్పేందుకు నీకు ఒక్క మాట దొరకలేదా? బిడ్డ వాడంత తిరుగుతాంది. ఎవ్వలు చొక్కా ఏసుకొని వచ్చినా బాపు అంటాంది. నువ్వు రాకు. గా మిషిన్ల పాటలు వినుకుంట ఆడనే ఉండు."

ఇంకా చాన ఉంది. రాయను. నేను తిడుతున్న ఒక్కొక్క మాట కింద ఆయన మాట ఒక్కొక్కటి పోతుంటే, ఆపుమని ఎవ్వలకు చెప్పాలె. బల్ల అంచు పట్టుకొని కూసున్న. ఆ పిల్ల ఊపిరి తీసుకున్నది. టక్కున ఆగింది.

అప్పుడు ఆయన వచ్చిండు. నడుమల నుంచి.

"...రమ్మంటే వస్త. ఆసామి మల్ల రెండు సాంచాలు సురువు చేసిండట. కబురు పంపిండు. ఉన్నదాంట్లనే తిందాం. వద్దు, ఉండుమంటవా, ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త. నాకు సమజ్ అయితలేదు. నువ్వే చెప్పు. జల్ది చెప్పు."

అంతే. రీలు అయిపోయి బటన్ తనంతట తనే పైకి లేచింది.

గొంతు నేను అనుకున్నంత పెద్దగ లేదు. జెర్ర బొంగురు. "జల్ది" అనేటప్పుడు నవ్వినట్టు ఉంది, లేకుంటే దగ్గు ఆపుకున్నట్టు ఉంది. ఫోన్ల మళ్ల విని చూడాలె అనుకున్న. ఇప్పటికి వందసార్లు విన్న. తేల్చుకోలేదు.

ఉన్నదే మంచిగున్నది అన్న కద నేను.

బిడ్డ లోపలికొచ్చింది. బల్ల మీది ఫోన్ తీసుకొని, చెవికి ఆనిచ్చుకొని, గోడ దిక్కు తిరిగి నిలబడి విన్నది. నా తిట్లు కూడ విన్నది. తర్వాత ఇటు తిరిగి, "బాపు గొంతు నా గొంతు లెక్కనే ఉందే" అన్నది. అవును. ఇన్నేండ్లు ఇంట్లనే ఉన్నది, నేను గుర్తుపట్టలే.

నమాజు నుంచి వచ్చిన ముసలాయన క్యాసెట్ తీసి నా చేతికిచ్చిండు. మా పద్ధతి ప్రకారం జవాబు దాని మీదనే చెప్పాలె. చెప్తే ఆ మాట పోతది. ఆయన బల్ల మీది సూది అడిగి తీసుకొని, పన్ను సందుల నేను కుక్కిన కాగితాన్ని గీకి తీసిన. గంజి రాయి లెక్క అయింది. ముక్కలు ముక్కలుగ వచ్చింది.

అట్ట మీద, ఆయన ఇరికిచ్చి రాసిన ముక్కల కింద, ఇంకా ఒక వేలెడు జాగ ఉంది. బిడ్డ దగ్గర పెన్ను అడిగిన. అట్ట నున్నగ ఉండి మొదలు పెన్ను పట్టలే. అరచేతిల రెండుసార్లు గీసి మళ్ల రాసిన. ఎక్కువ ఏం రాయలే. ఒక్క అక్షరం.

రా.

బిడ్డ నా భుజం మీది నుంచి వంగి చూసింది. ముక్కు ఎగబీల్చి, నవ్వబోయి, "దీర్ఘం గంత పొడుగు పెడ్తరా అమ్మా. అట్ట దాటిపోయింది" అన్నది.

"పెడ్తరు" అన్న.